సారా ముట్టని నేను బస్సులో తూలిన రోజు

ఆ ఉదయం జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే చేతులు వణికాయి. ఒళ్ళంతా చల్లటి చెమట. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, మైపాడులో మా టైలర్ షాపులో జరిగిందది. కొలతలిస్తున్న పోలమ్మక్కను చూసి, "ఎవరు నువ్వు?" అని గద్దించానట. నాకు గుర్తు లేదు. మా ఆవిడ మస్తాన్‌బీ పరుగున వచ్చి చక్కెర నీళ్ళు తాగించింది. కాసేపటికి మబ్బు విడిపోయినట్టు తెలివొచ్చింది.

అప్పటికి నెలరోజులుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను. విపరీతమైన దాహంతో నెల్లూరు ఆసుపత్రికి వెళితే, యూరిన్ టెస్టులో షుగర్ బయటపడింది. మస్తాన్‌బీ ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో దాచేది. రోజూ గాజు సిరంజి ఉడకబెట్టి, "బిస్మిల్లా" అంటూ తనే సూది గుచ్చేది. ఆ రోజు సూది వేయించుకున్నాను గానీ, పని తొందరలో అన్నం తినలేదు.

"ఒంట్లో చక్కెర మరీ పడిపోయింది, దీన్ని లో షుగర్ అంటారు. సూది పడ్డాక తిండి ఆపితే ప్రాణం మీదికొస్తది. జేబులో చక్కెర పెట్టుకోవయ్యా," అన్నారు, మళ్ళీ నెల్లూరు వెళ్ళి చూపించుకుంటే డాక్టరుగారు.

కొన్నాళ్ళు పెట్టుకున్నాను. తర్వాత, ఏమవుతుందిలే అనుకున్నాను. జబ్బు సంగతి ఎవరికీ చెప్పుకోవడం నాకిష్టం లేదు.

ఒకసారి దారం కొనడానికి నెల్లూరు వెళ్ళి, మధ్యాహ్నం తినకుండానే బస్సెక్కాను. దారిలో బస్సు చెడిపోయి చాలాసేపు ఆగిపోయింది. లేచి నిలబడితే కాళ్ళు తేలిపోయాయి, మాట ముద్దయింది. మద్యనిషేధం రోజులవి.

"తాగినాడు, దించేయండి!" అన్నారెవరో. కండక్టర్ నా భుజం పట్టుకున్నాడు. కాదని చెప్పాలనుంది, నాలుక తిరగలేదు.

చేపలమ్మి తిరిగొస్తున్న పోలమ్మక్క వెనక సీట్లోంచి లేచింది.

"చెయ్యి తియ్యి నాయనా! మా సాయిబు సారా ముట్టడు. ఇది చక్కెర జబ్బు, ఆ రోజు షాపులో నేను చూసినా. ఎవురి దగ్గరన్నా తీపి ఉంటే ఇయ్యండి!"

ఒక ముసలాయన మనవరాలికని కొన్న మిఠాయి పొట్లం విప్పాడు. అక్క నా తల ఎత్తిపట్టి, "నములు అబ్బయ్యా, మింగు," అంటూ తినిపించింది. తెలివొచ్చేసరికి నా చెమట తన పైటతోనే తుడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ అక్కా లేదు, మస్తాన్‌బీ కూడా లేదు. నాకు డెబ్బై అయిదేళ్ళు. సూది నేనే వేసుకుంటాను, వేళకు తింటాను. కొత్తవాళ్ళ పక్కన కూర్చున్నా ముందు నా జబ్బు సంగతి చెబుతాను. ఈ జబ్బుంటే మీరూ సిగ్గుపడకుండా చెప్పండి. లో షుగర్ వచ్చినప్పుడు చెబుదామన్నా మీకు మాట రాదు.