పురిటింట్లో పోసిన నీళ్ళు

యుద్ధం నడుస్తున్న రోజులవి. పుంగనూరులో మా పక్క వాటాలో కుప్పం నుంచి వచ్చిన కతోలిక దంపతులు బాడుగకుండేవాళ్ళు. ఆమెకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చి మగబిడ్డ పుట్టాడు. మంత్రసాని బిడ్డను పొత్తిళ్ళలో చుట్టి, పెదవి విరిచి వెళ్ళిపోయింది. మదనపల్లె ఆస్పత్రిదాకా బస్సు కుదుపులకు తట్టుకోడన్నారు. తండ్రి వాళ్ళ చర్చి సామిని పిలుచుకురావడానికి కుప్పం పరుగెత్తాడు.

పురిటి మైల, మా అత్త సణుగుడు పక్కనపెట్టి నేను గంజి తీసుకుని వెళ్ళాను. బిడ్డకు ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"అక్కా, సామి వచ్చేదాకా వీడు నిలవడు. నువ్వే తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇయ్యి," అంది తల్లి.

"నేనా? పొద్దున లేస్తే గంగమ్మకు మొక్కేదాన్ని. నీకేమన్నా మతి పోయిందా?"

"పానం మీదికొస్తే ఎవురైనా ఇయ్యొచ్చు. నేను లెయ్యలేకుండా ఉండాను. అది లేకుండా పోతే వీడు దేవుని దగ్గరికి పోలేడక్కా."

ఆ మాటకు లేచాను. బావినీళ్ళు తెచ్చి బిడ్డ తలమీద పోశాను. ఆమె పడుకునే ఉండి మంత్రం చెప్పింది. చెప్పి, ఉలిక్కిపడింది.

"అట్ల కాదక్కా! పోసేవాళ్ళే చెప్పల్ల. నేను చెప్తే చెల్లదు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె నేర్పినట్టే బిడ్డను పేరు పెట్టి పిలిచి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తాండాను" అంటూ పోశాను. సామి వచ్చి ఎలాగూ సరిగ్గా చేస్తాడులే, ఈ తల్లి మనసు నిమ్మళిస్తే చాలనుకున్నాను.

బిడ్డ బతికాడు. సామి వచ్చేసరికి పాలు కూడా తాగుతున్నాడు. తల్లికి మాత్రం ఆ నీళ్ళు చెల్లాయో లేదోనన్న దిగులు వదల్లేదు.

సామి నన్ను పిలిపించాడు. దుమ్ము కొట్టుకుపోయిన అంగీతో అలాగే కూర్చుని, ఏ నీళ్ళు పోశావు, ఒంటిమీద ఎక్కడ పోశావు, ఏమని పలికావని అడిగాడు. అన్నీ చెప్పాను.

"ఏమనుకోని పోసినావమ్మా?"

అబద్ధమాడడం నాకు చేతకాదు.

"మీ దేవుడు నాకు తెలీదు సామీ. ఈమె బిడ్డకు ఏం కావల్లనుకునిందో అది జరగల్లని పోసినా."

తండ్రి తల దించుకున్నాడు. సామి లేచి బిడ్డ నాలుక మీద ఉప్పు రవ్వంత పెట్టాడు. నూనె రాశాడు. కొత్త బతుకుకు గుర్తని తెల్లగుడ్డ కప్పాడు. వెలుగు ఆరనీయకండని కొవ్వొత్తి వెలిగించి తండ్రి చేతికిచ్చాడు. నీళ్ళు మాత్రం పోయలేదు.

"నీళ్ళో, సామీ?" అంది తల్లి.

"ఈయమ్మ పోసేసింది గదా. నువ్వు కోరింది జరగల్లని పోసింది, ఆ తలపు చాలు. పుట్టుకతో వచ్చిన పాపం, పాత బతుకు ఆ నీళ్ళల్లోనే మునిగిపోయింది. ఒకసారి ఇచ్చినాక మళ్ళీ ఇయ్యకూడదు."

ఎలాగూ మళ్ళీ చేస్తారులే అని పోసిన నీళ్ళు అవి! ఆ దేవుడెవరో కూడా తెలియని నేను చేసినదాన్ని ఇక ఎవరూ చెరపలేరట, ఆ సామి కూడా మళ్ళీ చెయ్యకూడదట.

తల్లి నా కుడిచేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది. వెనక్కి లాక్కోవాలని కూడా నాకు తోచలేదు. ఆ కాసేపూ అది నా చేయి కాదు.