ఎర్రకోటు కనబడని అరగంట

మా ఇంట్లో ఎవరైనా గడప దాటాక వెనక నుంచి పిలవకూడదు. కెనడాలో, మిల్టన్‌లోని మా అమ్మాయి ఇంటికి వచ్చి స్థిరపడిన మొదటి నెలలోనే ఈ సంగతి ఇంటిల్లిపాదికీ చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, అమలు చేయించాను. ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి టొరంటో రైలుకని బయల్దేరితే, మనవరాలు లంచ్ బ్యాగు పట్టుకుని గుమ్మంలోంచి "మమ్మీ!" అని కేక పెట్టింది. నేను అమ్మాయిని లోపలికి రప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపాను. రైలు వెళ్ళిపోయింది. మనవరాలికి ఆ పూట నా దగ్గర అక్షింతలు బాగానే పడ్డాయి. ఏదైనా మరిచిపోతే పరుగెత్తుకెళ్ళి ఎదురుగా నిలబడి ఇవ్వాలి గాని వీపు వెనక నుంచి పిలవకూడదని దానిచేత మూడుసార్లు అనిపించాను.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఎందుకు పిలవకూడదో ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా అమ్మ చెప్పింది, నేను పాటించాను. అరవై ఏళ్ళు పాటించాక ఎందుకని అడగాలన్న ఆలోచన కూడా రాదు.

పోయిన వేసవి సెలవుల్లో అల్లుడు మమ్మల్ని విమానంలో కాల్గరీకి, అక్కణ్ణుంచి కారులో రాకీ పర్వతాలకు తీసుకెళ్ళాడు. కొండ మీద జలపాతం ఉందట, దానికి పైన సరస్సు ఉందట, అక్కడికి నడిచి వెళ్ళాలట. నాకు కొత్త బూట్లు కొంటామన్నారు. మా అమ్మాయి పాత బూట్లు అలమరలో ఊరికే పడి ఉంటే కొత్తవెందుకు? ముందు భాగంలో దూది కుక్కి అవే తొడుక్కున్నాను. చీర కింద అల్లుడి పాత ట్రాక్ ప్యాంటు, పైన స్వెట్టరు. నన్ను చూసి మనవరాలు పకపకా నవ్వింది. దానికి పదేళ్ళు. ఎర్రకోటు వేసుకుని అప్పటికే గెంతుతోంది.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. దాని మీది రాత నాకు రాదు గాని ఎలుగుబంటి బొమ్మ అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

"ఇదేమిటి బాబూ?" అన్నాను.

"ఏం కాదు అత్తయ్యగారూ. మనం మాట్లాడుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. హఠాత్తుగా ఎదురుపడకూడదు, అంతే." నడుముకు తగిలించుకున్న డబ్బా చూపించాడు. "మరీ దగ్గరికొస్తే ఈ కారం స్ప్రే కొట్టడమే."

"కారం కొట్టేంత దగ్గరికి వచ్చేదాకా ఆగాలా?"

మా అమ్మాయి అందుకుంది. "నువ్వు ఒక్క చూపు చూడు చాలమ్మా. ఎలుగుబంటి మళ్ళీ ఈ కొండకు రాదు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం అప్పుడే భయం పట్టుకుంది. పిల్లల ముందు భయపడటం నాకు అలవాటు లేదు. అందుకని అందరికంటే ముందు గబగబా నడిచాను.

ఆ అడవిలో చెట్లన్నీ నిటారుగా, నల్లగా, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఎండ కిందికి దిగదు. పడిపోయిన ప్రతి మొద్దూ ఒక జంతువు పడుకున్నట్టే ఉంది. నేను ఆగి చూసేదాన్ని. మొద్దేనని తేలాక మళ్ళీ నడిచేదాన్ని. ఒకచోట దారి మధ్యలో పెద్ద పేడముద్ద, దాని నిండా ఎర్రటి పళ్ళ గింజలు. ఎవరిదని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అందరూ కాస్త గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

జలపాతం కనబడకముందే దాని చప్పుడు గుండెల్లో వినబడింది. ఎంతో ఎత్తు నుంచి తెల్లగా విరుచుకుపడుతోంది. కింద రాళ్ళ మధ్య నీళ్ళు తిరుగుతూ, తెల్లగా మరుగుతున్నట్టున్నాయి గాని వేలు పెడితే కొరికేసే చలి. అందం చూడాల్సిందే. కానీ నాకు కనిపించిందల్లా అందులో పడ్డ వస్తువు మళ్ళీ బయటికి రాదనే.

అక్కడ తడిరాయి మీద నిలబడి ఫొటో తీయబోయి అల్లుడు జారాడు. చీలమండ బెణికింది. మా అమ్మాయి చున్నీ తడిపి కట్టు కట్టి, ఆయన్ని ఒక రాయి మీద కూర్చోబెట్టింది.

"ఇక్కడితో చాలమ్మా. కాసేపాగి దిగిపోదాం" అంది.

మనవరాలి మొహం ముడుచుకుపోయింది. "బట్ ద లేక్!"

సరస్సు ఇంకో ఇరవై నిమిషాలేనని పైనుంచి దిగుతున్నవాళ్ళు చెప్పారు. అంత డబ్బు పోసి, ఇంత దూరం వచ్చి, ఇరవై నిమిషాల దూరంలో వెనక్కి తిరగడం నా ప్రాణం ఒప్పలేదు. గిన్నె నిండా వండి సగం పారబోసినట్టు అనిపించింది.

"నేను తీసుకెళ్తా దాన్ని" అన్నాను.

"అక్కడ ఫోన్ పనిచేయదమ్మా."

"నేను ఏ ఫోను పట్టుకుని నడిచానే ఇన్నాళ్ళూ?"

అల్లుడు ఆలోచించి, "పైన ఇంకో బోర్డు ఉంటుంది, అక్కడ దారి రెండుగా చీలుతుంది అత్తయ్యగారూ. కుడివైపు వెళ్ళండి. ఎడమ దారి శిఖరానికి పోతుంది, అది మనకొద్దు" అన్నాడు. స్ప్రే డబ్బా నా సంచిలో వేసి, ఎలా నొక్కాలో చూపించాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కినట్టు తలూపాను.

మా అమ్మాయి నా స్వెట్టరు గుండీ పెడుతూ, "జాగ్రత్తమ్మా. దాన్ని నీ చేతుల్లో పెడుతున్నా" అంది.

జలపాతం పక్కనుంచి దారి నిలువుగా ఎక్కింది. పైకి వెళ్ళేసరికి చెట్లు అయిపోయి రాళ్ళే మిగిలాయి. జులై నెలలో కూడా అక్కడక్కడ మంచు. ఎడమపక్కన లోతుగా ఏరు. అదే కిందికి పోయి జలపాతమవుతుంది. పిల్ల నాకు ముందు నడుస్తోంది. దాని కోటు మీదే కళ్ళు పెట్టుకుని ఎక్కుతున్నాను.

బోర్డు కనబడింది. దాని పక్కన ఇల్లంత బండరాయి. నా బూటు తాడు ఊడితే వంగి కట్టుకున్నాను. తల ఎత్తేసరికి పిల్ల కుడివైపు కాకుండా ఎడమవైపు, బండ వెనక్కి వెళుతోంది. రాళ్ళ మధ్య పందికొక్కుకి మూడింతలున్న బొద్దు జంతువొకటి పరుగెడుతుంటే దాని వెంట పడింది.

పిలవబోయి నోరు తెరిచాను. పిల్ల వీపు నాకు కనబడుతోంది. పిలవలేదు.

దీన్ని ఇప్పుడు రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. అంత కొండ మీద, అంత ఏటి పక్కన, నాలుక మీదికి వచ్చిన పేరును మింగేశాను. అసలే దారి మంచిది కాదు, వెనక నుంచి పిలిచి కీడు ఎందుకు తెచ్చుకోవాలి, నాలుగడుగులు వేసి అందుకుందాం అనుకున్నాను.

నాలుగడుగులు వేసేసరికి బండ వెనక ఎవరూ లేరు. సన్నటి దారి పైకి పోతోంది. ఆ మలుపు తిరిగిందేమోనని ఎక్కాను. మలుపు తర్వాత ఇంకో మలుపు. కోటు లేదు. అప్పుడు పిలిచాను. అరిచాను. ఏటి హోరులో నా అరుపు నా చెవికే సరిగా చేరలేదు. పైనుంచి మబ్బు దిగి రాళ్ళన్నీ ఒకే రంగుకు తిరిగాయి. కాళ్ళ కింద గులకరాళ్ళు జారుతున్నాయి. ఒకసారి కూలబడి మోకాలు చీరుకుంది. నొప్పి తెలియలేదు. సంచిలోని స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకున్నాను, ఎటు పట్టుకోవాలో తెలియక మళ్ళీ పెట్టేశాను.

పైనుంచి కర్రలు పట్టుకుని ఒక తెల్లవాళ్ళ జంట దిగి వచ్చింది. నా వయసువాళ్ళే. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "గర్ల్. రెడ్ కోట్" అన్నాను. చేత్తో ఎత్తు చూపించాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె మెల్లగా తల అడ్డంగా ఊపింది. "నో. నో గర్ల్."

పైన లేదు. దారి ఒక్కటే. పైన లేకపోతే ఇంకెక్కడుంటుంది? కిందికి, ఏటిలోకి చూశాను. నీళ్ళు తెల్లగా, అడావుడిగా పోతున్నాయి. ఎర్రటిదేదో కనబడిందనిపించింది. ఎర్రనాచు పట్టిన రాయి అది. మళ్ళీ చూశాను, మళ్ళీ రాయే. జలపాతం కింద అమ్మాయీ అల్లుడూ రాతి మీద కూర్చుని ఉంటారు. ఈ నీళ్ళు వాళ్ళ ముందునుంచే పోతాయి. ఆ తలపు రాగానే నిలబడ్డచోటే నిలబడిపోయాను. దేవుడి పేరు కూడా నోటికి రాలేదు.

ఆ తెల్లావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆయన మెడలోని విజిల్ తీసి మూడుసార్లు ఊది, ముందు దిగడం మొదలుపెట్టాడు. చిన్నపిల్లను దింపినట్టు ఆమె నన్ను అడుగడుక్కీ ఆపుతూ దింపింది. ఆయన ఊదుతున్నాడు, ఆగి వింటున్నాడు, మళ్ళీ ఊదుతున్నాడు.

బండ దగ్గరికి వచ్చాక ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

బోర్డు కింద, స్తంభానికి ఆనుకుని, నా మనవరాలు కూర్చుని ఉంది. ఒళ్ళో తన వీపుసంచిలోంచి తీసుకున్న పెరుగన్నం డబ్బా. సగం తినేసింది.

నేను కొట్టబోయాను. చెయ్యి లేచింది కూడా. కానీ ఆ చెయ్యే వెళ్ళి దాని తల మీద, భుజాల మీద, మోకాళ్ళ మీద తడిమింది. అన్నీ ఉన్నాయి.

"ఎక్కడికి పోయావే?"

"నువ్వెక్కడికి వెళ్ళావు?" అని అదే నన్ను అడిగింది. "ఐ వాజ్ హియర్. బండ చుట్టూ తిరిగి వచ్చేశా. యూ వర్ గోయింగ్ అప్."

"నన్ను చూశావా?"

"యా. నీ బ్యాక్ చూశా. బాత్రూమ్‌కి వెళ్తున్నావనుకున్నా."

"చూసి పిలవలేదేమే, పిచ్చిమొహమా!"

అది నా మొహంలోకి వింతగా చూసింది. "యూ సెడ్ నాట్ టు. వెనక నుంచి పిలవొద్దన్నావు కదా. ఇట్స్ బ్యాడ్ ఫర్ యూ."

"మరి ఎదురుగా పరుగెత్తుకు రావచ్చు కదే?"

"తప్పిపోతే సైన్ దగ్గరే ఉండాలి, కదలకూడదని టీచర్ చెప్పింది."

నేను చెప్పిందీ విన్నది, టీచరు చెప్పిందీ విన్నది. ఒక్క మాట జవదాటలేదు. ఇంగ్లీషు కలపకుండా బదులివ్వని పిల్ల, నేను అరిస్తే గదిలోకి పోయి తలుపేసుకునే పిల్ల, నాకు కీడు తగులుతుందని నోరు కట్టేసుకుని కూర్చుంది. దాని వీపు చూసి నేను, నా వీపు చూసి అది. అది ఆ బోర్డు దగ్గర కూర్చోకుండా నా వెంట పడి ఉంటే, ఆ గులకరాళ్ళ మీద కాలు జారి ఉంటే? ఆ ఆలోచన అప్పుడు మొదలై ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆ జంటకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. వాళ్ళు పిల్లతో ఏదో మాట్లాడి, నవ్వి, దిగిపోయారు.

సరస్సు అక్కణ్ణుంచి అయిదు నిమిషాలు. పిల్ల లాక్కుపోయింది. నీలిమందు ఎక్కువ పడ్డ బకెట్టులో నీళ్ళలా ఉంది సరస్సు, చుట్టూ మంచుకొండలు. చూశాను గాని అందులో ఏమి చూశానో చెప్పమంటే చెప్పలేను. అంచుకు పది గజాల దూరంలోనే ఆగాను. పిల్ల చెయ్యి వదల్లేదు.

"అమ్మమ్మా, ఇట్ హర్ట్స్" అంది. పట్టు కాస్త వదులు చేశాను, అంతే.

జలపాతం దగ్గరికి తిరిగొచ్చేసరికి మా అమ్మాయి లేచి నిలబడి ఉంది. "ఎలా ఉంది? ఇంతసేపేమిటి?"

"సూపర్!" అంది పిల్ల. అక్కడితో అయిపోయేదే. కానీ నా కూతురికి నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"నీ కూతుర్ని అరగంట పోగొట్టాను" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పిలవబోయి మానేసిన సంగతి కూడా.

అల్లుడు తల దించుకుని చీలమండ కట్టు సర్దుకోసాగాడు. మా అమ్మాయి పిల్లను దగ్గరికి లాక్కుని దాని నెత్తి మీద గెడ్డం ఆనించి, నన్నే చూస్తూ నిలబడింది. తర్వాత నా ట్రాక్ ప్యాంటు చిరిగిన చోట రక్తం చూసి, కిందికి వంగి, మోకాలు కడిగింది. నీళ్ళు మంటపెట్టాయి.

"దిగేటప్పుడు అది నీ ముందు నడవదు, వెనకా నడవదు" అంది తలెత్తకుండా.

"పక్కన నడిపిస్తాను."

"పక్కన నడవడానికి ఈ దారి వెడల్పు లేదమ్మా."

నిజమే, లేదు. ముందు మా అమ్మాయి, ఆమె భుజం పట్టుకుని కుంటుతూ వెనకే అల్లుడు నడిచారు. వాళ్ళ వెనక పిల్ల, అందరికంటే వెనక నేను. నల్లటి చెట్లలోకి దిగాక ప్రతి వంపు దగ్గరా ఎర్రకోటు ఒక్క క్షణం కనబడకుండా పోయేది. ఆ ప్రతి క్షణమూ పేరు పెట్టి గట్టిగా పిలిచాను. "ఐయామ్ హియర్, అమ్మమ్మా" అని విసుక్కుంటూనే పలికింది. ఎదురొచ్చేవాళ్ళు మావంక తిరిగి చూశారు. అల్లుడు ఒకసారి, "చాలు అత్తయ్యగారూ, ఎలుగుబంట్లన్నీ పారిపోయుంటాయి" అన్నాడు. నేను ఆపలేదు. మా అమ్మాయి ఆపమనలేదు. కారు కనబడేసరికి నా గొంతు పూర్తిగా పోయింది, ఆఖరి వంపు దగ్గర పెదవులు కదిలాయి గాని చప్పుడు రాలేదు. పిల్ల తనంతట తానే ఆగి నేను అందుకునేదాకా నిలబడింది.