గాట్లు లేని గేర్ రాడ్డు

మా రక్కమ్మాళ్ అత్త మోటార్లకు రాగితీగ చుట్టే మనిషి. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టింది, అరవై దాటినా మానలేదు. ఇప్పుడు వారానికి ఐదు రోజులు సింగానల్లూరులోని ఇంటి నుంచి పీలమేడులోని పంప్‌సెట్ వర్క్‌షాపుకు వెళ్ళి, కొత్తగా చేరిన ఆడపిల్లలకు కాయిల్ చుట్టడం నేర్పుతుంది. సైకిల్ మీదే వెళుతుంది. బస్సు కోసం నిలబడడం, ఇంకొకరి బండి వెనక కూర్చోవడం ఆవిడకు గిట్టవు. చిన్నప్పుడు మా అమ్మ కసిరినప్పుడల్లా నేను పారిపోయి చేరింది ఈ అత్త దగ్గరికే కాబట్టి, ఈ కథలో నేను ఎవరి పక్షమో ముందే చెప్పేస్తున్నాను.

ఆ సైకిల్ అత్త భర్త, మా చెన్నకేశవన్ మామ సొంతంగా కట్టింది. మామ నలభై ఏళ్ళు లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. మా ఇంటి మగవాళ్ళందరి లాగే ఆయనకూ మిషన్లు దేవుళ్ళు, మనుషులు స్పేర్ పార్టులు. పాత లేడీస్ సైకిల్ ఫ్రేము కోసి, అత్త ఎత్తుకు సరిపోయేలా అతికి, వెనక చక్రానికి ఏడు గేర్లు పెట్టాడు. గేరు మార్చాలంటే హ్యాండిల్ కుడి పిడిని మెలితిప్పాలి. దారిలో రైలు వంతెన వచ్చినప్పుడు అత్త పిడిని రెండుసార్లు తిప్పి, రొప్పకుండా ఎక్కేసేది.

నిరుడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అత్త నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చెయ్యి ముందుకూ వెనక్కీ బాగానే ఆడింది గానీ మెలి తిరగలేదు. చెంబుతో నీళ్ళు వంచాలన్నా భుజం మొత్తం వంచాలి. ఇక ఇంతేనన్నాడు డాక్టర్. అయితే సైకిల్ వద్దు, రోజూ నేనే మోపెడ్ మీద దింపుతానన్నాడు మామ. అత్త నాలుగు రోజులు పళ్ళు బిగబట్టి వెనక కూర్చుంది. దారిలో కనిపించిన ప్రతి పాత స్నేహితుడి దగ్గరా మామ బండి ఆపాడు. ఐదో రోజు అత్త, మా వైపు 'ఏమండీ'కి వాడే మాటతో మొదలుపెట్టి, ఉరిమింది.

"ఏనుంగ, ఆ పిడి తీసేసి కార్లో ఉండే మాదిరి గేర్ రాడ్డు ఒకటి పెట్టుంగ. తిప్పేదిదా రాదు. తోసేది, లాగేది వస్తాదే!"

పని దొరికితే మామకు పండగే. మూడు రోజుల్లో హ్యాండిల్ కింది గొట్టానికి మూరెడు స్టీలు రాడ్డు బిగించాడు, దాని తలకు ఇత్తడి గుండు పెట్టాడు. రాడ్డు పక్కన ఒక వంపు రేకు. ఆ రేకు అంచున, ఏడు గేర్లకు ఏడు గాట్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా కోశాడు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పెడల్ తిప్పితే ఒక్కో గాటుకు ఒక్కో గేరు టక్కుమని పడింది. మామ వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించాడు.

మర్నాడు వంతెన ఎత్తు మధ్యలో చైను కరకరమంది. ఏ గేరులోనూ కూర్చోక రెండింటి మధ్య జారింది. అత్త కాలు కింద పెట్టేసింది. వెనక బస్సు హారన్. ఆ బస్సు వెనక, భయంతో మోపెడ్ మీద వెంబడించిన మామ.

"గాట్లో సరిగా ఏస్తివా?" అన్నాడు.

"ఏస్తిని."

"ఏస్తే పడల్ల కదా?"

"పడలే కదా!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు మామ ఆ రేకునే మళ్ళీ రెండుసార్లు కోశాడు. ఇంటి దగ్గర గేర్లు పడతాయి, బరువు మీద ఎత్తు ఎక్కితే పడవు. తొక్కేకొద్దీ రాడ్డు నుంచి గేర్లకు వెళ్ళే కేబుల్ కాస్త సాగుతుంది, గాటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈలోగా మామ రోజూ మోపెడ్ మీద వర్క్‌షాపు గేటు దాకా వెంట వెళ్ళేవాడు. అవ్వను పాటి అనే అక్కడి తమిళ ఆడపిల్లలు, "పాటికి పోలీసు కాపలా" అని నవ్వారట. నాకు చెబుతూ అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇట్లనే ఎనకాల వస్తా ఉంటే నేను పనికే పోను, కృత్తికా. ఒంటిగా పోతేదా పోయినట్ల."

నాకు మామ మీద ఒళ్ళు మండింది. ఆదివారం వెళ్ళి గట్టిగా అడుగుదామనుకున్నాను. నేను నోరు తెరవకముందే అత్త సైకిల్ పక్కన నిలబడి అడిగేసింది.

"ఆ గాట్లు అన్నీ అరగదీసేయుంగ. నున్నగా ఉండనీ."

"గాటు లేకుంటే గేరు ఏదని ఎట్ల తెలుస్తాది?"

"నలభై ఏండ్లు కాయిల్ చుట్టితిని. తీగ తెగకుండా ఎంత లాగల్లో ఏ గాటు చెప్పె నాకు? చెయ్యే చెప్పె."

మామ అలిగాడు. మామ అలక అన్నానికి అడ్డురాదు, మాటకే. సాయంత్రం, మళ్ళీ ఎవరూ అడగకుండానే రేకు నున్నగా అరగదీశాడు. రాడ్డు ఎక్కడ వదిలితే అక్కడే నిలవాలి కదా, చేతిపంపులో వేసే తోలు వాషరు ఒకటి మధ్యలో పెట్టి బిగించాడు. అత్త రాడ్డును ముందుకు తోసి, వెనక్కి లాగి, "ఇంకొంచం లూజు" అంది. మామ నట్టు వదులు చేశాడు. "చాలు" అంది. ఆయన పానా కింద పెట్టేశాడు.

సోమవారం పొద్దున, నేను ఇంకా అక్కడే ఉండగా, అత్త బయల్దేరింది, వెనకే మామ మోపెడ్. అరగంటలో తిరిగి వచ్చి పేపరు తీశాడు. సాయంత్రం అత్త వచ్చీ రాగానే ఆయన ముందు నిలబడింది.

"ఏనుంగ, వంతెన మీద తిరిగి చూస్తే మీరు లేరే. బండి నిలిచిపాయనా?"

"నేనేదా నిలిపితిని. వంతెన ఎక్కే కాడ ఇంజన్ ఆపేసి వింటిని. నీ చైను కరకరమనె, నువ్వు రాడ్డు రవ్వంత లాగితివి, ఆనక సద్దే లేదు. గేరు పడె. ఇంక నేనేంటికి?"

అత్త ముఖం వెలిగింది. లోపలికి వెళ్ళబోతూ గడప దగ్గర ఆగింది.

"రేపు?"

"రేపు నాకు పొద్దన్నే లేసే పని లేదు," అన్నాడు మామ, పేపరు దించకుండానే. "నువ్వు పోయి రా."