బంతిలో విమలకు చోటు

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున మా అత్తమ్మ చనిపోయింది. నేను బడికి బయల్దేరుతూ మందుబిళ్ల ఇవ్వడానికి ఆమె గదిలోకి వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకొని ఉంది. భుజం ముట్టుకుంటే చల్లగా తగిలింది. డెబ్బై దాటిన మనిషి, గుండెజబ్బు మనిషి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా "మంచిగ పోయింది, ఎవ్వరితోని చేయించుకోలే" అన్నారు. అది నిజమే. కానీ ఆమె బతుకు మంచిగా గడవలేదు. అందులో నా వంతు ఎంతో చెప్పకుండా ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

పంతొమ్మిది వందల డెబ్బై మూడులో మేం జహీరాబాద్‌లో స్టేషన్ దగ్గర రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన లారీ షెడ్డులో మెకానిక్కు, నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఒక్కగానొక్క కూతురు విమలకు అప్పుడు మూడేళ్లు. మేమిద్దరం పనికి పోతే పిల్లను అత్తమ్మే చూసుకునేది. బట్టల సబ్బు ఆమె ఇంట్లోనే చేసేది. ఆ రోజు కాస్టిక్ సోడా నీళ్లలో కలిపి, ముంతలో పోసి, చల్లారడానికి వాకిట్లో పెట్టింది. నూనె డబ్బా తేవడానికి లోపలికి వెళ్లింది. అంతే సేపు. మంచినీళ్లనుకొని విమల ఒక గుక్క తాగేసింది.

పెదవులు, నాలుక కాలాయి. అవి మానాయి. లోపల అన్నం దిగే దారి మాత్రం మానుతూ మానుతూ మూసుకుపోయింది. నెల తిరిగేసరికి పాలు కూడా దిగలేదు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన డాక్టర్లు పొట్టకు చిన్న రంధ్రం చేసి రబ్బరు గొట్టం పెట్టారు. పిల్ల బతకాలంటే ఇక తిండి అందులోనుంచే పోవాలన్నారు.

ఆ తర్వాత ఏడాదిపాటు నేను అత్తమ్మతో మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్లాడలేదు. మాట్లాడలేదు, అంతే. చెప్పాల్సింది మా ఆయనతో చెప్పించేదాన్ని. ఆమె వండింది తిని లేచిపోయేదాన్ని. ఆమె కూడా నా దగ్గరికొచ్చి "తప్పైంది" అనలేదు. అప్పట్లో దాన్ని మొండితనం అనుకున్నాను. ఆ మాట అంటే నేను క్షమించాల్సి వస్తుందని, నాకు ఆ ఇబ్బంది పెట్టొద్దని ఆమె అనలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

దవాఖానలో నర్సు గొట్టంతో తిండి పెట్టడం చూపిస్తుంటే నేను మొహం తిప్పుకున్నాను. నేర్చుకున్నది చదువురాని అత్తమ్మ. జొన్న అంబలి, పప్పుకట్టు, పాలలో గిలక్కొట్టిన గుడ్డు, ఏదైనా పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టేది. మణికట్టు మీద చుక్క వేసుకొని వేడి చూసేది. గాజు గరాటును గొట్టానికి తగిలించి, పిల్ల ఛాతీకి కాస్త పైన పట్టుకొని కొంచెం కొంచెంగా పోసేది. "జోరుగ పోస్తె కడుపుల నొస్తది. మనం ఒక్కసారి మింగుతమా?" అనేది. గొట్టం పక్కనుంచి కడుపులోని పులుపు కారి, చుట్టూ చర్మం ఎర్రగా పుండయ్యేది. గౌను ఎప్పుడూ తడే. ఉమ్మి కూడా సరిగా మింగలేక విమల చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ పట్టుకొనేది. పిల్లను ఎత్తుకుంటే పులిసిన వాసన వచ్చేది. రోజుకు మూడుసార్లు కడిగి, మలాం రాసి, బట్టలు మార్చేది అత్తమ్మే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆడుకుంటుంటే గొట్టం ఊడి వచ్చేసింది. కొన్ని గంటలు ఆలస్యమైతే రంధ్రం పూడుకుపోతుందని ముందే చెప్పారు. దాన్ని మళ్లీ పెట్టగల డాక్టర్ ఊళ్లో లేడు. హైదరాబాద్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. అత్తమ్మ దవాఖానవాళ్లిచ్చిన రెండో గొట్టం తీసి మరిగే నీళ్లలో వేసింది. నేను విమల చేతులు గట్టిగా పట్టుకున్నాను. పిల్ల అరుపుకు పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. అప్పుడు నా నోటినుంచి మాట వచ్చింది.

"అత్తమ్మా, జర మెల్లగ."

"మెల్లగనే పెడుతున్న బిడ్డా," అన్నది ఆమె తల ఎత్తకుండా. ఏడాది తర్వాత మా ఇద్దరి మధ్య మొదటి మాట అది.

అంతదాకా విమలకు మేం తినకముందే వెనక గదిలో తిండి పెట్టేవాళ్లం. చూస్తే పిల్లకు ఆశ పుడుతుందని నేనే అలా పెట్టించాను. దయ అనుకున్నాను. అత్తమ్మ ఒకరోజు విమలకు కూడా మా బంతిలో పీట వేసి, పళ్లెం పెట్టింది.

"దానికి ఆశ పుడుతది," అన్నాను.

"పుట్టనీ. ఏ ఆశ లేకుంటె బిడ్డ ఎందుకు బతకాలె?"

అన్నం ముద్ద నోట్లో పెట్టి, నమిలి గిన్నెలో ఉమ్మేయడం నేర్పింది. "రుచి నీకు, పిప్పి గిన్నెకు," అనేది. మామిడికాయ తొక్కు నాలుకకు తగిలినప్పుడు విమల కళ్లు మూసుకొని నవ్వేది. మొదటిసారి ఆ నవ్వు చూసి మా ఆయన పళ్లెం ముందునుంచి లేచి బయటికి వెళ్లాడు.

రాయికోడ్‌లో మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో ఒకాయన, "జనం తింటున్నరు, ఆ పిల్లను లోపల కూసోబెట్టున్రి," అన్నాడు. "నా మనుమరాలు గూడ జనమే," అని అత్తమ్మ విస్తరి ముందు కూర్చున్న పిల్ల గౌను పక్కకు జరిపి గరాటు తగిలించింది. ఎదురుగా ఇద్దరు లేచిపోయారు. ఆమె లేవలేదు. నేను నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. లోపలికి తీసుకుపోతే బాగుండునని నాకూ అనిపించింది.

విమలను నా బడిలోనే చేర్చాం. ఐదేళ్లపాటు ప్రతి మధ్యాహ్నం అత్తమ్మ అంబలి డబ్బా, గరాటు పట్టుకొని బడి వరండాలోకి వచ్చేది.

పిల్లకు పదేళ్లు నిండాక డాక్టర్ ఒక మాట చెప్పాడు. పేగు ముక్క తీసి గొంతునుంచి కడుపుదాకా కొత్త దారి వేయవచ్చు, ప్రాణానికి ముప్పు ఉంది. ఆ ముప్పు సంగతి ఆయన రెండుసార్లు చెప్పాడు. నాకు వినిపించింది నోటితో తింటుందన్న మాట ఒక్కటే.

"నవ్వుతున్నది, సదువుతున్నది. ఇట్లనే ఉండనీ," అన్నది అత్తమ్మ.

"నీకేం అత్తమ్మా! చేసింది నువ్వు, మోసేది అది."

ఏడేళ్లు దాచుకున్న మాట నోరు జారింది. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "బిడ్డను అడుగు," అన్నది.

విమల వెంటనే చెప్పింది. "అన్నం లోపలికి దిగితె ఎట్లుంటదో నాకు ఎర్కనే లేదమ్మా. చేయించు."

పిల్ల బట్టలు అత్తమ్మే సర్దింది.

ఆపరేషన్ అయిన ఐదో రోజు జ్వరం వచ్చింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. తొమ్మిదో రోజు విమల పోయింది. ఆ కొత్త దారిలో ఒక్క చుక్క నీళ్లు కూడా దిగలేదు.

ఇంటికొచ్చాక అత్తమ్మ నన్ను ఏమంటుందోనని ఎదురుచూశాను. అనే హక్కు ఆమెకుంది. నేను తిండి మానేసి గోడకానుకొని కూర్చుండిపోయాను. మూడో రోజు ఆమె పెరుగన్నం కలిపి తెచ్చి నా ముందు కూర్చుంది.

"ఏడాది నువ్వు నాతోని మాట్లాడలే. ఇంట్ల మనిషి మాట్లాడకుంటె ఎట్లుంటదో నాకెర్క. నేన్ నిన్ను గట్ల ఉంచ. నోరు తెరువు."

చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్ద నోట్లో పెట్టింది. మింగడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.

రెండేళ్ల తర్వాత కోహీర్‌నుంచి ఒక తల్లి, దవాఖాన నర్సు చెప్పిందని, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె నాలుగేళ్ల కూతురు పద్మకూ అదే గతి, అదే గొట్టం. అత్తమ్మ మర్నాడే బస్సెక్కింది. తర్వాత వారం వారం వెళ్లింది. మానిన పుండును ఎందుకు కెలుక్కోవడమని అడిగితే, "ఆ తల్లికి చేతులు వణుకుతున్నయ్," అన్నది. పద్మకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. డాక్టర్లు నెలనెలా సన్నటి కడ్డీలు దించి దాన్ని వెడల్పు చేస్తూ వచ్చారు. రెండేళ్లకు గొట్టం తీసేశారు. ఆ సాయంత్రం అత్తమ్మ ఇంటికొచ్చి, "ఇగ నాకు కోహీర్ల పని లేదు," అని మాత్రం చెప్పి, మొహం కడుక్కోవడానికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

అత్తమ్మ దశదినకర్మకు పద్మ తల్లితో కలిసి వచ్చింది. పదేళ్ల పిల్ల. బంతిలో కూర్చొని ఒక్కో ముద్దను మెత్తగా నమిలి, ఒక గుక్క నీళ్లు తాగి మింగుతోంది. బంతి అంతా లేచిపోయింది. విస్తళ్లు ఎత్తేస్తున్నారు. "జల్దీ తిను, అందరు లేసిన్రు," అని తల్లి కసిరింది. వద్దని నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"ఇంకొంచెం పెట్టనా బిడ్డా?"

నోరు నిండుగా ఉండి పద్మ తల ఊపింది. నేను అన్నం వడ్డించి, గిన్నె ఒళ్లో పెట్టుకొని పిల్ల ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఆ సన్నటి గొంతు ముద్ద ముద్దకూ కదులుతోంది.