నా వేళ్లకు తెలియని రాళ్లు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చేత్తో ఆడిన అబద్ధం. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మార్కాపురం పలకల షెడ్డులో ముప్పై ఏళ్లు చేశాను. రాయిని తడిమి, ఇది నిలుస్తుంది, ఇది విరుగుతుంది అని చెప్పేదాన్ని. నా చెల్లెలి కూతురు, నా చేతిముద్దలు తిని పెరిగిన పిల్ల, ఇంజినీరింగు ఆఖరి ఏడాదిలో ఆ పనే కంప్యూటర్‌కు నేర్పిస్తానంది. రాయి ఫోటోలో గరుకు చూసి మంచిచెడ్డ చెప్పాలట. ఒక్క కంప్యూటర్‌తో ఒక్కో రాయికి ఒక పూట పడుతోందని, ఫోటోను గళ్లుగా కోసి ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి పంచింది. షెడ్డులో మేం కుప్పను పంచుకుని కూర్చున్నట్టే. ఇక టీ చల్లారేలోపు జవాబు వచ్చేది.

సరిచూసుకోవడానికి నలభై రాళ్ల మీద నన్ను సుద్దతో గుర్తులు పెట్టమంది. అప్పటికే రేషన్ దుకాణంలో మిషన్ నా వేలిముద్ర పట్టడం మానేసింది. పలకలు రుద్ది రుద్ది వేళ్లు అరిగిపోయాయి. తడిమితే ఏమీ తెలియడం లేదు. ఆ మాట ఎందుకు చెప్పలేకపోయాను? చిన్నప్పుడు కథ చెబుతుంటే నా నోరు చూసినట్టే, పిల్ల ఇప్పుడు నా వేళ్లు చూస్తోంది. ఆ చూపు పోతుందని భయపడి, కళ్లు మూసుకుని తడిమినట్టు నటించి, తోచినట్టు గీతలు గీశాను.

కంప్యూటర్ జవాబులు నా గుర్తులతో కలవలేదు. పిల్ల ఒక్కో గుర్తు కింద కంప్యూటర్ జవాబును ఎర్ర రంగుతో రాసి తల పట్టుకుంది. నా చేయి కూడా తప్పొచ్చు గదే పాపా అన్నాను, సగం ధైర్యంతో.

నవ్వింది. "నీ చేయి యాడ తప్పుతాది పెద్దమ్మా? ముక్కలు చేసి పంచినా గదా, ఆ అతుకుల కాడ నేనే ఏందో పాడుచేసినా."

అప్పుడు ఇంకొక్క మాట అనాల్సింది. అన్నం పెడతానని లేచాను.

అన్ని రాళ్లూ అయ్యాకే సరిచూద్దామని, పంచడం మానేసి మళ్లీ ఒక్క కంప్యూటర్‌తో మొదలుపెట్టింది. సగం రాళ్లు కాకముందే గడువు అయిపోయింది. పని పూర్తయితే పైచదువుకు తన దగ్గర చేర్చుకుంటానన్న మాస్టారు ఇంకొకరిని తీసుకున్నారు. పిల్ల ఇప్పుడు పొదిలిలో ఏదో ఆఫీసులో చేస్తోంది. బాగానే ఉన్నానంటుంది. నా కాళ్లనొప్పులకు మందులు తెస్తుంది.

ఆ రాళ్లను తర్వాత నేనే ఉలితో చీల్చి చూశాను. ఎర్ర రంగు విరుగుతుందన్నవి విరిగాయి, నిలుస్తుందన్నవి నిలిచాయి. ఒక్కటీ తప్పలేదు. ముక్కలన్నీ ఎత్తి దూరంగా పోసివచ్చాను.

నేను దాచుకున్నది నా పేరునా, పిల్ల ప్రేమనా? ఇన్నేళ్లూ అడుగుతూనే ఉన్నాను, తేలలేదు. తేలిన మాట ఒక్కటే, అది రాసేస్తున్నాను. నువ్వు సరిగానే పంచినావు తల్లీ. అతుకుల్లో ఏమీ పాడుకాలేదు. తప్పింది పెద్దమ్మ చేయి.