తనంతట తానే వెళ్ళిపోయిన పుస్తకం

శ్రావణమాసం మొదటి శుక్రవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలకు, చదువుతున్న పుస్తకం నా చేతుల్లోంచి మాయమైంది. ఎవరూ లాక్కోలేదు, నేను పారేసుకోలేదు. పలకలాంటి ట్యాబు నా ఒళ్ళోనే ఉంది, అందులో అక్షరాలు మాత్రం లేవు. ఇవాళ స్కూలు లైబ్రరీ చూసే బెంగాలీ టీచరమ్మ, మేమంతా దిదిమణి అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి "మాషీ, మళ్ళీ మీ వంతు వచ్చింది, పుస్తకం పంపనా?" అని అడిగింది (మాషీ అంటే వాళ్ళ భాషలో పిన్ని). అందుకని ఈ సంగతి రాస్తున్నాను.

వాట్‌గంజ్‌లో కలకత్తా రేవు పక్కన, మా తెలుగు పిల్లలు చదివే ఆ స్కూల్లో నేను ఆయాగా చేశాను. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. బీరువాలోని పుస్తకాలకు దుమ్ము దులిపేదాన్ని. ఏది తలకిందులుగా ఉందో అట్టమీద బొమ్మ చూసి తెలుసుకునేదాన్ని. చదివేది మా ఒదిన. ఒదినంటే పిలుపుకే, ఉండేది పక్క గదిలో. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం, మాది గుడికి వెళ్ళేది, ఊళ్ళు మాత్రం ఇద్దరివీ శ్రీకాకుళం వైపు పల్లెలే. ఇద్దరి మొగుళ్ళూ డాక్‌లో బస్తాలు మోసి, ఒకరి వెనక ఒకరు పోయారు. నేను స్కూలు నుంచి పుస్తకం తెస్తే, సాయంత్రం కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి, నీళ్ళు వచ్చేదాకా ఒదిన పైకి చదివేది. నీళ్ళొస్తే కథ ఆగిపోయేది. కుళాయి రావడం ఆలస్యమైతే సంతోషించిన మనిషి మా వీధిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తర్వాత ఒదిన కళ్ళకు మసక కమ్మింది. డాక్టరు ఇక మెరుగుపడవని చెప్పిన రోజున ఆవిడ ఏడవలేదు. సుద్దముక్క తెచ్చి నన్ను గచ్చుమీద కూర్చోబెట్టింది. "నా సూపు పోయేలోగా నీకు అచ్చరాలు రావాలే. లేపోతే ఇద్దరం సీకట్లోనే" అంది. మనవల్ని ఎత్తుకునే వయసులో 'అ' దిద్దాను. తిట్లు కూడా తిన్నాను. "సేప తోమడం వొచ్చు, ఇది రాదేటి?" అనేది. చదవడం వచ్చాక ఒక సంగతి బయటపడింది. చెదలు తిన్న పేజీల దగ్గర ఒదిన ఆగేది కాదు, సొంతంగా కల్పించి చదివేసేది. ఆవిడ నోట బతికి బట్టకట్టినవాళ్ళు వేరే ప్రతిలో చూస్తే చచ్చిపోయి ఉన్నారు. నిలదీస్తే, "నీకేటి నష్టం? బతికితే బాగున్నాది కాదేటి?" అంది.

చెదలు, వానాకాలం నీళ్ళు కలిసి ఆ బీరువాను కాజేశాయి. స్కూలువాళ్ళు ట్యాబులు తెచ్చి, పుస్తకాలన్నీ ఇక ఇందులోనే అన్నారు. పాత ఉద్యోగిననే మర్యాదకు దిదిమణి నాకూ ఒకటి ఇచ్చింది. మొదటి రోజు అలవాటుగా వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పబోతే అది కదలలేదు, దిదిమణి నవ్వు ఆపుకోలేకపోయింది. ఒక్కో పుస్తకానికి రెండు వారాల గడువని కూడా చెప్పింది. గడువుదేముంది, ఇదివరకు గుమ్మంలోంచి "ఇంకా అవలేదు" అని కేకేస్తే సరిపోయేది, పుస్తకం మన దగ్గరే ఉండేది. ఇదీ అంతే అనుకున్నాను. కేక వినడానికి ఇందులో ఎవరూ లేరని తెలియలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హౌరాలో ఒదినకు బండి. కూతురు, అల్లుడు వచ్చి పలాసకు తీసుకెళ్ళిపోతున్నారు. ఇకమీదట అక్కడే. కథలో అక్కాచెల్లెళ్ళిద్దరు మాటల్లేని పగతో ఒకే పడవెక్కారు, నడి ఏట్లో గాలి లేచింది. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. అల్లుడు మూటలు కడుతుంటే నేను ఒదినకు చదివి వినిపిస్తున్నాను. చెల్లెలు అక్క వైపు చెయ్యి చాచింది. అంతే, తెర తెల్లబోయింది.

"ఆగిపోనావేటే?" అంది ఒదిన.

"పుస్తకం పోయింది."

"పోడమేటి? మంచం కింద పడిపోనాదేమో సూడు."

అల్లుడు పాపం నిజంగానే వంగి మంచం కింద చూశాడు. నేను దిదిమణికి ఫోన్ చేశాను. గడువు తీరిందట. దీన్ని ఇంకెవరో అడిగి ఉన్నారట, వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయిందట. ఈ ఊళ్ళో తెలుగు పుస్తకం కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారని వింటే నాకు కోపం రావాలి. రాలేదు. ఎవరని అడిగితే, పేరు చెప్పకూడదంది.

"పోనీ నువ్వే కల్పించి సెప్పీ" అంది ఒదిన.

"లేనిది చదవడం నాకు రాదు" అన్నాను. నా నోరు అలాంటిది. ఒదిన కూతురు నా వైపు కొరకొరా చూసింది.

ప్లాట్‌ఫారమ్ మీద, కిటికీ ఊచల్లోంచి ఒదిన నా చెయ్యి తడిమి పట్టుకుంది. "మంచిదే అయినాదిలే. కతైపోతే రేపు నీకు ఫోన్ చేసి ఏటడగాల?" అంది. బండి కదిలింది. హౌరా నుంచి ఒంటరిగా ఏరు దాటి వచ్చాను. లాంచీ నిండా జనమే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒదిన ఫోన్ చేస్తుంది. "ఏటే, వొడ్డు సేరినారా?" అని అడుగుతుంది. "ఇంకా చదవలేదు" అంటాను. అది నిజమే. ఆ పేజీ దగ్గర ఏమై ఉంటుందో ఇద్దరం వాదించుకుంటాం. ఆవిడ అక్కనే వెనకేసుకొస్తుంది. తర్వాత పక్క గది గోడ వైపు చూస్తూ అన్నం తింటాను. అక్కడ ఇప్పుడెవరో కుర్రాళ్ళు ఉంటున్నారు, వాళ్ళ భాష నాకు తెలియదు.

ఇవాళ దిదిమణితో, "వెనకున్నవాళ్ళకే ఇచ్చెయ్యమ్మా, నన్ను మళ్ళీ వరసలో చివర పెట్టు" అన్నాను. "మాషీ, పోయినసారీ ఇదే అన్నారు!" అంది. ఇకమీదటా అదే అంటానని చెప్పాను.

ఆ పొద్దున్న ఆ గదిలో ఉన్నది ఒదిన, ఒదిన కూతురు, అల్లుడు, నేను, నడి ఏట్లో పడవమీద అక్కాచెల్లెళ్ళిద్దరు. నేను ఆ పేజీ తిప్పనంతకాలం అందరం అక్కడే ఉంటాం, పదకొండూ పది దాటదు.