మౌనం పాటించిన నలుగురు

2023 సెప్టెంబరు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక దినపత్రిక కార్యాలయంలో నేను సబ్ ఎడిటర్‌ని. జోన్ పేజీ నా బాధ్యత. అంటే చుట్టుపక్కల నాలుగైదు మండలాల వార్తల పేజీ; పెడన దాకా వెళ్తుంది. ఊళ్ల నుంచి కంట్రిబ్యూటర్లు పంపిన వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, సాయంత్రం ఆరింటికల్లా పేజీ వదిలెయ్యాలి. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా అదే పని.

ఆ రోజు అంతర్జాతీయ శాంతి దినోత్సవం. ఏ దినోత్సవమైనా మాకు వచ్చేవి బ్యానరు, ర్యాలీ, ప్రతిజ్ఞ, చివర్లో పాల్గొన్నవారి పేర్లు. కంకిపాడు దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాల మాత్రం ర్యాలీ మానేసి, మధ్యాహ్నం గంటసేపు క్యాంపస్ అంతా మౌనం పాటించింది. క్యాంటీన్‌లో టీ కూడా సైగలతోనే అడగాలి. లైబ్రరీ మెట్ల మీద తలలు వంచుకుని కూర్చున్న నలుగురు అమ్మాయిల్ని మా ఫొటోగ్రాఫర్ ఫొటో తీసి తెచ్చాడు. చాలా మంచి ఫొటో. పేజీ మధ్యలో పెట్టాను.

దాని పైన ఇంకో వార్త ఉంది. ఇబ్రహీంపట్నం వైపు మరో కళాశాలది. ‘ర్యాగింగ్: నలుగురు విద్యార్థినుల సస్పెన్షన్’.

ఐదున్నరకి ఒక యాడ్ వచ్చింది. యాడ్ వస్తే ఏదో ఒక వార్త పోవాల్సిందే. శాంతి వార్త తీసేశాను. ఫొటో కింద రాసే వివరాన్ని క్యాప్షన్ అంటాం. అదీ వార్తతోపాటే పోయింది. ఫొటో కూడా తీస్తే పేజీ బోసిగా ఉంటుందని ఉంచేశాను. ఆరింటికి ఇంకా రెండు నిమిషాలుండగానే వదిలి, టీకి వెళ్లాను.

మర్నాడు తొమ్మిదికి ఆఫీసుకు వెళ్లేసరికి రిసెప్షన్ దగ్గర ఒకాయన నిలబడి ఉన్నారు. చేతిలో మా పేపరు.

“ఈ పేజీ చేసిందెవరండీ?”

“నేనేనండీ.”

ఆయన పేపరు బల్ల మీద పరిచి, తల వంచుకున్న నలుగురిలో రెండో అమ్మాయి మీద వేలు పెట్టారు. “మా పిల్లండి. లావణ్య. ఏం చేసిందని వేశారు?”

ఫొటో చూశాను. పైన శీర్షిక చూశాను. నలుగురు. రెండింట్లోనూ.

ఆయన పేరు నాగేశ్వరరావు. పెడనలో మగ్గం నేస్తారు. ఆ వీధి నుంచి ఇంజినీరింగుకి వెళ్లిన మొదటి ఆడపిల్ల లావణ్యట. పొద్దున్నే టీ కొట్టులో ఎవరో పేపరు చూపించారట. జరిగింది దాచకుండా చెప్పాను. తప్పు పూర్తిగా నాదేనన్నాను.

“పిల్ల మీద నాకు అనుమానం లేదండీ. మా వీధికి చెప్పాలిగా? హాస్టల్ ఖాళీ చేయించి తీసుకుపోదామని వచ్చాను. వాళ్లమ్మ పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు.”

“రేపు సవరణ వేస్తామండీ.”

“ఎక్కడ వేస్తారు?”

“మూడో పేజీ కింద, మూల,” అన్నాను. నాలుగు లైన్లు. మా పద్ధతి అదే.

“ఇరవై ఏళ్లుగా మీ పేపరే చదువుతున్నానండీ. ఆ మూల ఏముంటుందో ఇంతవరకు చూళ్లేదు. టీ కొట్టులో వాళ్లు చూస్తారంటారా?”

ఆ పిల్లలకి నేనే వచ్చి చెప్పుకుంటానని ఆయన వెంట కంకిపాడు బస్సెక్కాను.

నలుగురూ క్యాంటీన్‌లో ఉన్నారు. లావణ్య కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను చెప్పిందంతా విని, పక్కనున్న సుధ అనే అమ్మాయి అంది: “జన్మలో ఒక్కసారి గంటసేపు నోరు మూసుకున్నాం సార్. దానికి ఇదా? ఇంకెప్పుడూ మూసుకోం.”

“నువ్వు ఆ గంటా సైగలతోనే వాగావు కదే,” అంది ఇంకో అమ్మాయి. నవ్వకూడదనుకుంటూనే అందరూ నవ్వారు, లావణ్య తప్ప.

“నాన్నా, ఇప్పుడు నేను పెట్టె సర్దుకుని వస్తే తప్పు చేసే వచ్చిందంటారు,” అంది లావణ్య. “వచ్చే వారం ఇంటర్నల్స్ ఉన్నాయి. నేను రాను.”

ఆయన నా వైపు తిరిగారు. “రేపటి పేపరు చూసి చెప్తానండీ.”

మధ్యాహ్నం ఎడిషన్ ఇన్‌ఛార్జి ముందు కూర్చున్నాను. అదే పేజీ, అదే చోటు, అంతే సైజులో ఆ ఫొటో కావాలన్నాను.

“సవరణకి ఫొటో ఏంటయ్యా? ఎప్పుడన్నా వేశామా?”

“ఇలాంటి తప్పు ఎప్పుడన్నా వేశామా సార్?”

ఆయన కళ్లజోడు తీసి పేపరు దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆయనకీ ఇంజినీరింగ్ చదివే కూతురుంది. “పైన ఎడిటర్‌తో మాటలు నేను పడతాలే. వెయ్యి,” అన్నారు.

వేశాను. నలుగురి పేర్లు, ఆ గంట వాళ్లు చేస్తున్న పని, ర్యాగింగ్ వార్తతో వాళ్లకు ఏ సంబంధమూ లేదన్న మాట, పొరపాటు మాదేనన్న మాట. క్షమాపణ పెద్దక్షరాల్లో.

మర్నాడు ఏడున్నరకి ఫోన్ మోగింది. వెనకాల గ్లాసుల చప్పుడు.

“నాగేశ్వరరావునండీ. టీ కొట్టు గోడకి అంటించారు. చదవడం రానివాళ్లకి కొట్టాయనే చదివి వినిపిస్తున్నాడు.”

“అమ్మాయి సంగతి ఏమనుకున్నారండీ?”

“పరీక్షలకి చదువుకుంటోందండీ. ఏం అనుకుంటాం? వాళ్లమ్మ కూడా కాస్త తిన్నది.”

ఫోన్ పెట్టేసి నిన్నటి పేజీ మళ్లీ తీసి చూశాను.

ఆ ఫొటోలో అబద్ధం లేదు. ఆ వార్తలోనూ లేదు. రెండూ నిజాలే. వాటిని ఒకదాని కింద ఒకటి పెట్టిన చెయ్యి నాది. అచ్చయ్యే ప్రతి అక్షరం సరిచూడటమే నా పని అనుకుంటూ పద్దెనిమిదేళ్లు గడిపాను. అక్షరాలు తీసేశాక పేజీలో మిగిలేది ఏం చెబుతుందో చూడటం కూడా నా పనేనని లావణ్య వల్ల తెలిసింది. ఇప్పుడు వార్త తీస్తే ఫొటో కూడా తీసేస్తాను. పేజీ బోసిగా ఉంటే ఉండనిస్తాను.